సింగపూర్ గ్యాలరీలలో సమకాలీన ఆసియా కళ: నాలుగు రోజులలో ఏం చూడాలి, ఎలా చూడాలి?

విశాఖ_రేఖ (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో ఒక ఉన్నత పాఠశాలలో ఇరవై రెండేళ్ళుగా డ్రాయింగు టీచరుగా పనిచేస్తున్నాను. జనవరిలో మా చెల్లెలి దగ్గరికి సింగపూరు వస్తున్నాను. ఉండే పన్నెండు రోజులలో నాలుగు రోజులు కళాప్రదర్శనలకే వదిలెయ్యాలని ఆమెతో ముందే ఒప్పందం చేసుకున్నాను. మిగిలినవన్నీ ఆమె ఇష్టం, ఎక్కడికి తీసుకువెళ్ళినా మారుమాట లేకుండా వెళతాను.

నా ఇబ్బందిని మీ దగ్గర దాచవలసిన పని లేదు. గీత, రంగు, కూర్పు ఉన్న బొమ్మ ముందు నిలబడితే ఏదో ఒక మాట చెప్పగలను. అదే ఒక గదిలో పది బల్లలు, నాలుగు తెరలు, కుప్పగా పోసిన మట్టి కనిపిస్తే మాత్రం తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లలాగా బిక్కమొహం వేస్తాను. ఒకసారి కొచ్చి బియెనాలేకు, అంటే రెండేళ్ళకోసారి జరిగే కళల ఉత్సవానికి, వెళ్ళి మూడు రోజులు తిరిగాను. చూసినవాటిలో సగం ఏమిటో నాకే తెలియక, ఇంటికి వచ్చాక ఎవరికీ చెప్పలేకపోయాను. సింగపూరులో ఆసియా దేశాల సమకాలీన కళ బాగా కనిపిస్తుందని విన్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి? అసలు జపానుకూ ఇండోనేషియాకూ మనకూ కలిపి ‘ఆసియా కళ’ అని ఒకటి ఉన్నదా, లేక అది పోస్టర్ల మీద రాసుకునే మాటేనా?

బూన్‌లే_బాటసారి (సింగపూర్)

రేఖ గారికి నమస్కారం. పద్నాలుగేళ్ళుగా ఇక్కడ ఉంటున్నాను. ఉద్యోగం సాఫ్ట్‌వేరు, వ్యసనం గ్యాలరీలు. మీ రెండో ప్రశ్నను పెద్దలకు వదిలి మొదటిదానికి జవాబు చెబుతాను.

మొదటి రోజంతా నేషనల్ గ్యాలరీకి ఇవ్వండి. 1929 నాటి సిటీ హాలునూ 1939 నాటి సుప్రీంకోర్టు భవనాన్నీ కలిపి 2015 నవంబరులో దానిని తెరిచారు. ఇక్కడి పౌరులకూ శాశ్వత నివాసులకూ ప్రధాన గ్యాలరీలు ఉచితం. మీరు సందర్శకులు కనుక టికెట్టు కొనవలసి ఉంటుంది. లోపల స్వచ్ఛందంగా తిప్పి చూపించే గైడ్లు ఉంటారు. వాళ్ళ వెంట ఒక గంట నడిచి, తరువాత ఒంటరిగా వెనక్కి వచ్చి నచ్చిన రెండు మూడింటి దగ్గరే కూర్చోవడం నా అలవాటు. ఉన్నవన్నీ చూసి తీరాలని మాత్రం పంతం పెట్టుకోకండి. మధ్యాహ్నానికి కాళ్ళు పీకుతాయి, సాయంత్రానికి అన్ని బొమ్మలూ ఒకే బొమ్మ అవుతాయి.

మొదట చూడవలసింది సమకాలీనమైనది కాదు, అయినా అదే చూడమంటాను. చువా మియా టీ 1959లో వేసిన ‘నేషనల్ లాంగ్వేజ్ క్లాస్’ అనే తైలవర్ణ చిత్రం అది. గుండ్రటి బల్ల చుట్టూ చైనీయుల పిల్లలు కూర్చుని మలయ్ నేర్చుకుంటూ ఉంటారు. నల్లబల్ల మీద రెండు ప్రశ్నలు రాసి ఉంటాయి. ఒకటి ‘సియాపా నామా కాము?’, అంటే నీ పేరేమిటి అని. ఆ ‘నామా’ మన నామమే. రెండోది నీవెక్కడ ఉంటావు అని. ఆ సంవత్సరమే సింగపూరుకు స్వయంపాలన వచ్చింది. అప్పటివరకు బ్రిటిష్ పాలన కింద ఉన్నవాళ్ళు కొత్త భాషలో తమ పేరు తాము చెప్పుకోవడం నేర్చుకుంటున్నారన్నమాట. గ్యాలరీ తెరిచినప్పుడు సింగపూరు విభాగానికి ఈ మొదటి ప్రశ్ననే పేరుగా పెట్టారు. ఇమిగ్రేషను కౌంటరు దగ్గర అవే రెండు ప్రశ్నలకు జవాబు చెప్పి వచ్చిన నాకు ఆ బొమ్మ ముందు ప్రతిసారీ కాస్త ఇబ్బందిగానూ కాస్త ఆప్యాయంగానూ ఉంటుంది.

దాని తరువాత వచ్చిన తరాలు ఏం చేశాయో చూస్తే మీరు భయపడే ‘మట్టి కుప్పలు’ ఎందుకు వచ్చాయో కొంత తెలుస్తుంది. 1988లో టాంగ్ డా వూ అనే కళాకారుడు సెంబావాంగ్ ప్రాంతంలో ఒక పాత కోళ్ళఫారం దగ్గర ‘ఆర్టిస్ట్స్ విలేజ్’ను మొదలుపెట్టాడు. ఇక్కడి సమకాలీన కళ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు.

సున్నపుగోడ (నెల్లూరు)

నేను కళ తెలిసినవాణ్ణి కాను, పదవీ విరమణ చేసిన సివిల్ ఇంజనీరును. సింగపూరులో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆ గ్యాలరీకి వెళతాను, గోడల కోసం. రెండు పాత భవనాల మధ్య గాజు కప్పును చెట్టు కొమ్మల్లాంటి స్తంభాల మీద నిలబెట్టిన తీరు చూసి తీరవలసినది. సిటీ హాలులో ఉన్న పెద్ద గదిలోనే 1945 సెప్టెంబరు 12న జపాను సైన్యం లొంగుబాటు పత్రం మీద సంతకం చేసింది. సుప్రీంకోర్టు వైపు ముద్దాయిలను ఉంచే గదులలో రెండింటిని అలాగే అట్టిపెట్టారు. వాటిని చూశాక పక్క గదిలో వేలాడే ఏ బొమ్మ అయినా కాస్త వేరుగా కనిపిస్తుంది.

బయటికి వచ్చాక రోడ్డు దాటి సెయింట్ ఆండ్రూస్ కెథీడ్రల్‌లోకి కూడా వెళ్ళండి. 1862లో ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిని భారతదేశం నుంచి తెచ్చిన ఖైదీలు కట్టారు. లోపలి గోడలకు పూసినది మద్రాసు సున్నం: గవ్వ సున్నంలో గుడ్డు తెల్లసొన, ముతక చక్కెర కలిపి, కొబ్బరి పీచు నానబెట్టిన నీళ్ళు పోసి నూరి, ఆరాక రాయితో మెరుగు పెట్టేవారు. మా తాతల ఇంటి గోడలు చేతికి తగిలితే అద్దంలా ఉండేవి, అవి గుర్తుకు వచ్చాయి. చర్చ దారి తప్పించానని అనుకోకండి. ఆ నగరంలో బొమ్మలు వేలాడే గోడలను మనవాళ్ళ పని నుంచి విడదీసి చూడటం నాకు చేతకాదు.

ప్రశ్నార్థకం (సింగపూర్)

అందరూ ఇంత మురిపెంగా రాస్తుంటే నాకు అపస్వరం పలకాలనిపిస్తున్నది, క్షమించండి.

కళకు ప్రపంచ నగరం కావాలని ఈ ప్రభుత్వం 2000 సంవత్సరంలో ‘రినైసాన్స్ సిటీ’ అనే నివేదిక రాసుకుని, దాని ప్రకారం భవనాలు కట్టి, ఉత్సవాలు పెట్టి, గ్యాలరీలను పిలిపించింది. 2006 నుంచి బియెనాలే నడుస్తున్నది. 2022లో దానికి ఒక ఇతివృత్తం బదులు ‘నటాషా’ అని మనిషి పేరు పెట్టారు, ఎందుకో కనుక్కోవడం ప్రేక్షకుల పని. ఇదే ప్రభుత్వం 1994లో ఏం చేసిందో కూడా మన టీచరు గారికి తెలియాలి. ఆ నూతన సంవత్సరపు రాత్రి పార్క్‌వే పరేడ్ అనే షాపింగ్ సెంటరులో జోసెఫ్ ఎంగ్ అనే యువకుడు, స్వలింగ సంపర్కుల అరెస్టులకు నిరసనగా ‘బ్రదర్ కేన్’ అనే ప్రదర్శన ఇచ్చాడు. పోలీసులు వల పన్ని పన్నెండు మందిని పట్టుకుని, వాళ్ళలో కొందరికి బెత్తం దెబ్బలు కూడా శిక్షగా వేయించిన ఉదంతం మీద చేసినది అది. ప్రేక్షకులకు వీపు తిప్పి నిలబడి కొద్దిగా వెంట్రుకలు కత్తిరించుకున్నాడు. అంతే, పెర్ఫార్మెన్స్ ఆర్టుకు, అంటే కళాకారుడు ప్రేక్షకుల ఎదుట తానే చేసి చూపించే కళకు, ప్రభుత్వ సహాయం సుమారు పదేళ్ళు ఆగిపోయింది.

ఇక మార్కెటు సంగతి. ‘ఆర్ట్ స్టేజ్’ అనే కళాకృతుల సంత 2011లో ఆర్భాటంగా మొదలై 2019లో, తెరవడానికి తొమ్మిది రోజుల ముందు, రద్దయింది. గిల్‌మన్ బ్యారక్స్ అనే గ్యాలరీల సముదాయానికి పిలిచి తెచ్చిన విదేశీ గ్యాలరీలలో చాలా భాగం కొద్ది ఏళ్ళకే సర్దుకుని వెళ్ళిపోయాయి. విత్తనం వేయకుండా కొమ్మలు తెచ్చి నాటితే ఇంతే కదా. ఇండోనేషియాలోని జోగ్యకర్తాలోనో మనీలాలోనో కళ పుడుతుంది. ఇక్కడ అది ఏసీ గదిలో కూర్చుంటుంది.

తోలుబొమ్మ (హైదరాబాద్)

ప్రశ్నార్థకం గారు చెప్పిన సంఘటనలన్నీ నిజమే. వాటి నుంచి తీసిన నిర్ధారణతోనే నాకు పేచీ.

ఆ పదేళ్ళూ అక్కడి కళాకారులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1995లో ఒక కళాప్రదర్శన ప్రారంభానికి రాష్ట్రపతి ఓంగ్ టెంగ్ చియోంగ్ వచ్చినప్పుడు, ఇందాక బాటసారి గారు చెప్పిన టాంగ్ డా వూయే, వీపు మీద ‘కళలకు డబ్బివ్వకండి’ అని కుట్టించిన నల్లకోటు తొడుక్కుని ఆయన ఎదుటికి వెళ్ళాడు. మాట్లాడటానికి అనుమతి అడిగాడు, ఒక చీటీ చేతికిచ్చాడు. డబ్బు కళ్ళజూసిన కళ నోరు మూసుకుంటుందని ఎద్దేవా చేసిన ఆ కోటు ఇప్పుడు ప్రభుత్వ సేకరణలోనే ఉన్నది. దీనిని ప్రభుత్వపు గెలుపుగా చూస్తారో, కోటు గెలుపుగా చూస్తారో మీ ఇష్టం. 1996లో అమాండా హెంగ్ అనే కళాకారిణి ‘లెట్స్ చాట్’ మొదలుపెట్టింది. బల్ల చుట్టూ వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మొలకల తోకలు తుంచుతూ కబుర్లు చెప్పించింది. మన వీధి అరుగుల మీద గోంగూర ఆకు తుంచుతూ ఆడవాళ్ళు మాట్లాడుకున్నట్టే. దానిని నాటకమనలేరు, నిరసన అనలేరు, ఆపలేరు కూడా. నిర్బంధం ఉన్న చోట కళ తన వేషాన్ని ఎలా మార్చుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

రేఖ గారూ, తెరలంటే భయమని రాశారు. మీరు హో త్జు న్యెన్ అనే సింగపూరు కళాకారుడి పేరు గుర్తుపెట్టుకోండి. 2023 చివర నుంచి 2024 మార్చి దాకా సింగపూర్ ఆర్ట్ మ్యూజియంలో ఆయన పెద్ద ప్రదర్శన ‘టైమ్ అండ్ ది టైగర్’ జరిగినప్పుడు నేను పని మీద అక్కడ ఉండి రెండుసార్లు చూశాను. ఆయన పులి రచనలకు మూలం ఒక పాత అచ్చు బొమ్మ. 1835లో కోల్మన్ అనే బ్రిటిష్ అధికారి అడవిలో రోడ్డు కోసం సర్వే చేస్తుంటే పులి ఒకటి పొదల్లోంచి ఎగిరి మనుషులను వదిలేసి సర్వే యంత్రం మీద పడింది. చుట్టూ బెదిరి చెల్లాచెదురైన కూలీలు భారతీయ ఖైదీలు, సున్నపుగోడ గారు చెప్పినవారి వంటివారే. హో ఆ దృశ్యాన్ని కంప్యూటరు బొమ్మలుగా, వయాంగ్ తోలుబొమ్మల నీడలుగా మార్చి, పులి చేత, అధికారి చేత పాడించాడు. మలయ్ లోకంలో పులి పూర్వీకుడు, మనిషిగా మారగలిగేవాడు. అడవిని కొలిచే యంత్రం మీద అది ఎందుకు పడిందో మీకు ఎవరూ వివరించనక్కరలేదు.

మా తోలుబొమ్మలాట వాళ్ళు వెనక దీపం పెట్టి బొమ్మను తెరకు దగ్గరగా, దూరంగా జరిపి నీడను పెంచి తగ్గిస్తారు. చీకటి గదిలో రెండు తెరల మధ్య కూర్చున్నప్పుడు నాకు ఆ ఒడుపే కనిపించింది. ఇన్‌స్టలేషన్ అనే మాట వినగానే బెదరవద్దు. ఆటకు పందిరి వేసినట్టు, చూసేవాడి ఒళ్ళంతా పట్టేలా ఒక చోటును కట్టడమే అది. వీడియో అయితే ముందు దాని నిడివి ఎంతో గోడ మీది చీటీలో చూసి, తీరిక ఉంటేనే కూర్చోండి, కూర్చుంటే చివరిదాకా ఉండండి. ఐదు వీడియోలు రెండేసి నిమిషాలు చూడటం కంటే ఒకటి నలభై నిమిషాలు చూడటం మేలు.

రాతిచెక్క (హైదరాబాద్)

నేను అచ్చు బొమ్మలు చేసేవాణ్ణి కనుక నా పక్షపాతం దాచుకోను. రాబర్ట్‌సన్ క్వే దగ్గర నది ఒడ్డున ఎస్‌టీపీఐ అని ఒక సంస్థ ఉన్నది. పాత గిడ్డంగిని బాగుచేసి 2002లో తెరిచారు. కెనెత్ టైలర్ అనే అమెరికా అచ్చు నిపుణుడు తన ప్రెస్సులను అక్కడికి తరలించి మొదలుపెట్టించాడు. ఆ కప్పు కిందనే కాగితం తయారుచేసే మిల్లు, అచ్చు వర్క్‌షాపు, గ్యాలరీ ఉన్నాయి. ఆసియా కళాకారులను పిలిచి కొన్ని వారాలు అక్కడ ఉంచి, వాళ్ళు ఎన్నడూ చేయని పని చేయిస్తారు. దక్షిణ కొరియా కళాకారిణి హేగ్యూ యాంగ్ అక్కడి బజారులో దొరికే మసాలా దినుసులతో, కూరగాయలతో చేసిన అచ్చులు 2013లో అక్కడే ప్రదర్శించారు. పసుపు, మిరప్పొడి కాగితం మీద ఏమవుతాయో మనకు వంటింటి నుంచే తెలుసు, కానీ దానిని అచ్చు అనుకోవడం మనకు తట్టలేదు.

అచ్చు అనగానే చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి గారిని తలచుకోకుండా ఉండలేను. శాంతినికేతనంలో చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ‘అటెలియే 17’ అనే అచ్చు వర్క్‌షాపులో పనిచేసి, ఒకే రేకు మీద వేరు వేరు లోతులలో, చమురు పాలు హెచ్చుతగ్గులుగా కలిపిన రంగులను మెత్తని, గట్టి రోలర్లతో వేసి ఒక్క దెబ్బలో బహువర్ణ ముద్ర తీసే పద్ధతిని పైకి తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. 2018లో న్యూయార్కులో పోయారు. ఆయన పేరు మీద మన రెండు రాష్ట్రాలలో అలాంటి ప్రెస్సు ఒక్కటి పెట్టుకుని ఉంటే ఎంత బాగుండేదో అని నేను ఎస్‌టీపీఐ గాజు తలుపు బయట నిలబడినప్పుడల్లా అనుకుంటాను. ప్రశ్నార్థకం గారు కొమ్మలు తెచ్చి నాటారంటున్నారు. అచ్చు పని విషయంలో మాత్రం ఆ కొమ్మ వేరు పట్టింది.

విశాఖ_రేఖ (విశాఖపట్నం)

మీరందరూ ఇంత శ్రద్ధగా రాస్తారని అనుకోలేదు, అన్నీ నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంటున్నాను. ఒక చిన్న సందేహం. బొమ్మలు అమ్మే ప్రైవేటు గ్యాలరీలకు కొనే ఉద్దేశం లేనివాళ్ళు వెళ్ళవచ్చునా? నేత చీర కట్టుకుని, భుజాన గుడ్డ సంచీతో వెళితే గుమ్మంలోనే ఆపుతారేమోనని సంకోచం.

బూన్‌లే_బాటసారి (సింగపూర్)

నిస్సంకోచంగా వెళ్ళండి. టికెట్టు ఉండదు. తలుపు వేసి ఉంటే గంట కొట్టండి. లోపల ఉన్న అమ్మాయి తలెత్తి నవ్వి మళ్ళీ కంప్యూటరులోకి చూసుకుంటుంది, అది అనాదరణ కాదు, అక్కడి పద్ధతి. గోడ మీద ధర ఉండదు, అడిగితే జాబితా కాగితం ఇస్తారు. పేరు పక్కన ఎర్రచుక్క ఉంటే అది అమ్ముడుపోయిందని అర్థం. నేను ఇన్నేళ్ళలో ఒక్కటీ కొనలేదు, అయినా ఇద్దరు ముగ్గురు గ్యాలరీ వాళ్ళు పేరు పెట్టి పలకరిస్తారు.

ఒక పూట తంజోంగ్ పగార్ డిస్ట్రిపార్కుకు కేటాయించండి. అది ఓడరేవు పక్కన ఉన్న గిడ్డంగుల సముదాయం. బ్రాస్ బాసా రోడ్డులో ఉన్న సొంత భవనం మరమ్మతులలో ఉండగా సింగపూర్ ఆర్ట్ మ్యూజియం 2022లో ఇక్కడ తలుపులు తెరిచింది. లారీలు తిరిగే చోట, సామాన్ల లిఫ్టులో పైకి వెళ్ళి ఎత్తయిన గదులలో బొమ్మలు చూడటం, కిటికీలోంచి కంటెయినర్ల గుట్టలు కనబడటం చాలా బాగుంటుంది. ఈ ఊరికి ఇసుక దగ్గర నుంచి కళ దాకా అన్నీ ఓడల మీదే వచ్చాయన్న సంగతి ఆ కిటికీ చెప్పినంతగా ఏ గోడ చీటీ చెప్పదు. ఆ సముదాయంలోనే గాజా గ్యాలరీ వంటి ప్రైవేటు గ్యాలరీలు ఉన్నాయి. 1996లో మొదలైన ఆ గ్యాలరీ పేరులోని ‘గాజా’ మలయ్ భాషలో ఏనుగు, మన గజమే. ఆగ్నేయాసియా కళాకారులతో దానికి పాత అనుబంధం. గిల్‌మన్ బ్యారక్స్ 1936లో సైనికుల కోసం కట్టిన బంగళాలు, చెట్ల నీడ బాగుంటుంది, కానీ గ్యాలరీలు దూరం దూరంగా ఉంటాయి, ఏవి తెరిచి ఉన్నాయో చూసుకుని వెళ్ళండి. సోమవారం చాలా ప్రైవేటు గ్యాలరీలు మూసే ఉంటాయి. జనవరిలో ఆర్ట్ వీక్ జరిగే రోజులు కలిసివస్తే మాత్రం రాత్రిళ్ళు కూడా తెరిచి ఉంచే చోట్లు దొరుకుతాయి.

ఇక ప్రశ్నార్థకం గారికి ఒక మాట. పొరుగు దేశాల కళ ఇక్కడ ఏసీ గదిలో కూర్చుంటుందని ఎగతాళిగా అన్నారు. ఆ ఏసీ లేకపోతే ఎన్ని బొమ్మలు బూజు పట్టి పోయేవో కూడా ఆలోచించండి.

ప్రశ్నార్థకం (సింగపూర్)

బూజు సంగతి ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరు. నేషనల్ గ్యాలరీలో ఒక గోడ మొత్తాన్ని ఆక్రమించే ‘అడవి మంట’ను చూసే ఉంటారు. జావా చిత్రకారుడు రాదేన్ సాలెహ్ 1849లో వేశాడు, మంటలు తరుముతుంటే పులులు, దున్నలు, లేళ్ళు కొండ అంచుకు వచ్చి నిలబడతాయి. దానిని ఆయన నెదర్లాండ్స్ రాజుకు బహూకరించాడు. రాజవంశం దగ్గర ఏ మూలనో పడి ఉండి, చివరికి సింగపూరు డబ్బుతో ఇక్కడికి వచ్చింది. వలస పాలకుడికి బానిస దేశపు చిత్రకారుడు ఇచ్చిన కానుకను ఇప్పుడు పొరుగు ధనికుడు కొన్నాడు. జకార్తాలో ఒక కాలేజీ పిల్ల దానిని చూడాలంటే విమానం ఎక్కాలి. ఆగ్నేయాసియా కళకు అతిపెద్ద ప్రభుత్వ సేకరణ మా దగ్గర ఉన్నదని చెప్పుకోవడంలో గర్వంతో పాటు ఈ లెక్క కూడా ఉండాలి కదా.

అయితే నేనూ రాయినేమీ కాదు. కొన్నేళ్ళ క్రితం అక్కడే ఇండోనేషియా కళాకారుడు ఎఫ్.ఎక్స్. హార్సోనో చేసిన వడియాల తుపాకుల గుట్ట చూశాను. 1977లో సుహార్తో సైనిక పాలన నడుస్తున్న రోజులలో జకార్తాలో మొదట పెట్టిన రచన అది. గులాబీ రంగు క్రుపుక్, అంటే మన పిండి వడియాల వంటివి, పిస్తోలు ఆకారంలో పోత పోసి నేల మీద రాశిగా పోశాడు. పక్కన ఒక బల్ల, కుర్చీ, ఒక పుస్తకం, కలం. ఈ వడియాలే నిజమైన తుపాకులైతే మీరేం చేస్తారు అన్నది ప్రశ్న, జవాబు పుస్తకంలో రాయాలి. ఇప్పుడున్నది తరువాత మళ్ళీ చేయించినదే. నూనెలో వేయిస్తే పొంగే వస్తువును చూసి భయపడ్డాను, అది నిజం.

తోలుబొమ్మ (హైదరాబాద్)

రేఖ గారి రెండో ప్రశ్నకు జవాబు మీ ఇద్దరి మాటలలోనే ఉన్నదనిపిస్తున్నది. జపానులో, కొరియాలో, ఇండోనేషియాలో, మన దగ్గర 1960 నుంచి 1990 దాకా కళాకారులు రోడ్డు మీదికి వచ్చి చేసిన పనులను పక్కపక్కన పెట్టి టోక్యో, సోల్, సింగపూర్ జాతీయ మ్యూజియాలు కలిసి ‘అవేకనింగ్స్’ అనే ప్రదర్శనను తయారుచేశాయి. అది 2019లో సింగపూరుకు వచ్చింది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే రకమైన పాలకుల కింద ఒకే రకమైన ఉపాయాలు పన్నారు. ఆసియా కళ అనేది ఒక శైలి కాదు. ఆ ఉపాయాల పోలికను చూడగలిగే చోటు ఒకటి ఉండాలి, ప్రశ్నార్థకం గారికి ఇష్టం లేకపోయినా ప్రస్తుతానికి అటువంటి కొద్ది చోట్లలో ఈ నగరం ఒకటి.

మరొక మాట. సింగపూరు కళాకారులందరూ అక్కడే పుట్టినవాళ్ళు కారు. 2022లో వెనిస్ బియెనాలేలో సింగపూరు తరఫున నిషిద్ధ గ్రంథాల, కాలిపోయిన గ్రంథాలయాల మీద తన రచనను ప్రదర్శించిన శుబిగి రావు ముంబైలో పుట్టింది. ఆ ఏడాదే కొచ్చి బియెనాలేకు ఆమె క్యూరేటరు, అంటే ప్రదర్శనను ఎంచి కూర్చినది ఆమే. ఎవరి విత్తనం, ఎవరి కొమ్మ అని లెక్క కట్టడం అంత సులభం కాదు.

టాంపనీస్_అమ్మ (సింగపూర్)

పిల్లలతో వెళ్ళేవాళ్ళ కోసం కూడా ఎవరో ఒకరు రాయాలి కనుక రాస్తున్నాను. నేషనల్ గ్యాలరీలో పిల్లల కోసం ప్రత్యేకమైన విభాగం ఉన్నది, 2017 నుంచి పిల్లల బియెనాలే కూడా జరుపుతున్నారు. టీచరు గారికి బడికి పనికివచ్చే ఆలోచనలు అక్కడే ఎక్కువ దొరకవచ్చు. నేషనల్ మ్యూజియం ఆవరణలో కుమారి నహప్పన్ చేసిన ఎర్రటి కంచు మిరపకాయ ఉన్నది, పేరు ‘పెడాస్ పెడాస్’, మలయ్‌లో కారం కారం అని. మా అబ్బాయి దానిని గుంటూరు మిరపకాయ అనే పిలుస్తాడు, నేను దిద్దలేదు.

వాటర్లూ స్ట్రీటులో శ్రీకృష్ణాలయం దగ్గరికి వెళితే ఒక్క సంగతి గుర్తుచేసుకోండి. 2006లో మొదటి బియెనాలే ‘నమ్మకం’ అనే ఇతివృత్తంతో గుళ్ళలో, చర్చిలలో కూడా జరిగింది. మైసూరు చిత్రకారుడు ఎన్.ఎస్. హర్ష ఆ గుడిలో నిద్రపోతున్న మనుషులను చిత్రించాడు. పక్కన ఉన్న కువాన్ ఇమ్ గుడికి వచ్చిన చైనీయులు ఈ గుడి ముందు కూడా అగరుబత్తులు వెలిగించి దణ్ణం పెట్టుకుని వెళుతుంటారు. ఆ పొగలో నిలబడితే బియెనాలే అవసరం లేదేమో అని కూడా అనిపిస్తుంది.

విశాఖ_రేఖ (విశాఖపట్నం)

ఇంటికి తిరిగి వచ్చి వారమైంది. మీకు ఏదో ఒక లెక్క అప్పజెప్పడం నా ధర్మం.

నాలుగు రోజులు అనుకున్నది మూడున్నర అయింది, ఒక పూట వాన తినేసింది. మొదటి రోజు బాటసారి గారి మాట పట్టుకుని ‘నేషనల్ లాంగ్వేజ్ క్లాస్’ ముందు చాలాసేపు కూర్చున్నాను. నేను మొదట చూసింది నల్లబల్ల కాదు, పిల్లల చేతులు. ఒక్కొక్కరు పుస్తకాన్ని ఒక్కో రకంగా పట్టుకున్నారు. మా తరగతిలో ఒడిశా నుంచి వచ్చిన కూలీల పిల్లలు నలుగురు ఉన్నారు. తెలుగు వాచకాన్ని వాళ్ళు పట్టుకునే తీరు నాకు బాగా తెలుసు: జారిపోతుందేమోనన్నట్టు రెండు చేతులతో పట్టుకుంటారు. అటువంటి చేతులు ఆ బల్ల దగ్గర కనిపించాయి. చెల్లెలు వచ్చి పిలిచేదాకా లేవలేదు.

డిస్ట్రిపార్కులో వీడియోల గదికి ధైర్యం చేసి వెళ్ళాను. తోలుబొమ్మ గారు చెప్పినట్టు నిడివి చూసుకుని ఒకదానికే కూర్చున్నాను. అర్థమైందని చెప్పను. పదో నిమిషానికి అర్థం కావాలన్న ఆత్రం పోయింది, ఆ తరువాత చూడటం మొదలైంది. పక్కన ఉన్న గ్యాలరీలలో నా గుడ్డ సంచీని ఎవరూ పట్టించుకోలేదు, ఒకచోట ఒకాయన కలంకారీ సంచీ ఎక్కడిదని అడిగి పెడన పేరు రాసుకున్నాడు. ధరల జాబితా మాత్రం అడిగి చూశాను. చూసి ఎంతో మర్యాదగా తిరిగి ఇచ్చేశాను.

ఎస్‌టీపీఐలో రాతిచెక్క గారిని తలచుకున్నాను. కాగితం గుజ్జులోనే రంగు కలిపి చేసిన పనులు చూశాక, చిత్తు కాగితాలు నానబెట్టి గుజ్జు చేసి పిల్లల చేత బొమ్మలు చేయిద్దామని బుద్ధి పుట్టింది. పాత దోమతెరను చట్రానికి బిగిస్తే జల్లెడగా పనికివస్తుందా, లేక ఇంకేదైనా వాడాలా అన్నది రాతిచెక్క గారు చెప్పాలి. సున్నపుగోడ గారూ, చర్చి గోడను చేత్తో తాకాను, చల్లగా ఉన్నది.

ఒప్పుకోవలసినది ఇంకొకటి ఉన్నది. గిల్‌మన్ బ్యారక్స్‌లో చూసినవాటిలో ఒక్కటీ నాకు నచ్చలేదు. కొచ్చిలో అయితే తప్పు నాదేననుకునేదాన్ని, ఇప్పుడు అలా అనుకోవడం లేదు. చివరగా, వడియాల తుపాకులు నేను తిరిగిన గదులలో కనిపించలేదు. ప్రశ్నార్థకం గారూ, ఆ పుస్తకంలో మీరేం రాశారు?

రాతిచెక్క (హైదరాబాద్)

దోమతెర సరిపోతుంది. నైలానుది తీసుకోండి, నూలుది సాగుతుంది. గుజ్జులో చెంచాడు మైదా గంజి కలిపితే ఆరాక కాగితానికి బిగువు వస్తుంది. మొదటి నాలుగు కాగితాలు పాడవుతాయి, వాటిని పారేయవద్దు.

ప్రశ్నార్థకం (సింగపూర్)

నేనేమీ రాయలేదండీ. కలం పట్టుకుని కూర్చున్నాను, ఇక్కడ రాసినది ఎవరు చదువుతారో, ఎక్కడ దాస్తారో అనే ఆలోచన వచ్చింది. వర్క్ పాసు మీద, అంటే విదేశీయులకిచ్చే పని అనుమతి మీద, ఉన్నవాడిని. నా వెనక ఒక చిన్నపిల్ల వాళ్ళ అమ్మతో వరుసలో నిలబడి ఉన్నది, లేచి చోటిచ్చాను. ఆ పిల్ల నాలుక బయటపెట్టి, అక్షరం అక్షరం దిద్దుతూ రాసింది. వాళ్ళు వెళ్ళాక తొంగిచూశాను. తిరిగి వడియాలుగా మార్చమని చేసినవాళ్ళనే అడుగుతాను అని ఉన్నది.